ఈ మధ్య తీసినవాటిలో మనకి నచ్చిన ఫొటో: తోటివాళ్లకి ఎక్కడ చూపిస్తే బాగుంటుంది?

కార్డు నిండా ఫొటోలుంటాయి, అందులో ఒకటో రెండో మాత్రం పదే పదే తెరిచి చూసుకుంటాం. సరదాకి కెమెరా పట్టినవాళ్లందరికీ ఇది మామూలే. ఆ ఒకటీ రెండూ తోటి ఫొటోగ్రాఫర్లకి చూపించాలని ఉంటుంది, వాళ్లు ఈ మధ్య ఏం తీశారో చూడాలనీ ఉంటుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఎక్కడ పెట్టుకుందాం అనే దగ్గరే తర్జనభర్జన మొదలవుతుంది. ఒకరు వాట్సాప్ గ్రూపు చాలంటారు. ఇన్‌స్టాగ్రామ్ ఉండగా మరొకటి ఎందుకంటారు ఇంకొకరు. ఈ పని చాలాకాలంగా చేస్తున్న ఒకాయన ఫ్లికర్ అనే ఫొటోల సైటు పేరెత్తుతాడు. చివరికి ఎవరికి తోచినచోట వాళ్లు పెట్టుకుంటారు, ఎవరి ఫొటో ఎవరూ సరిగ్గా చూడరు.

వీటిని పోల్చేటప్పుడు ఎంత జాగా ఇస్తుంది, ఎంతమంది చూస్తారు, ఉచితమా కాదా అని అడుగుతుంటారు. అవీ అడగాల్సినవే. కానీ నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: అవతలివాళ్లు మన ఫొటోని ఎంత పెద్దగా, ఎంతసేపు చూస్తారు? మనకి వచ్చే మాట దాన్ని బట్టే వస్తుంది. ఫోన్ తెరమీద బొటనవేలు కదిలేలోపు కనిపించి పోయిన ఫొటోకి ‘సూపర్’ అనో చప్పట్ల బొమ్మో వస్తుంది. అంతకన్నా ఎక్కువ ఆశించడం ఆ చూసినవాళ్లకి అన్యాయం. అదే ఫొటో పెద్ద తెరమీద కాసేపు నిలబడితే, ‘ఎడమ అంచున ఆ తెల్లటి కొమ్మ కన్ను లాగేస్తోంది, అక్కడ కాస్త క్రాప్ చేసి చూడు’ అనే మాట వస్తుంది. మనిషి అదే మనిషి, ఫొటో అదే ఫొటో.

ఈ కొలత పెట్టుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు

అందరి ఫోన్లలోనూ ఉంటుంది, కొత్తగా ఖాతా తెరవక్కర్లేదు, జవాబు నిమిషాల్లో వస్తుంది. ఈ మూడు సుగుణాల ముందు మిగతావన్నీ తేలిపోతాయి కాబట్టే ఎక్కువ గ్రూపులు ఇక్కడే పుడతాయి.

నష్టం మాత్రం ఫొటోకే. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫొటో 6000×4000 పిక్సెళ్లు, అంటే 2 కోట్ల 40 లక్షలు. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600కి దిగిపోతుంది, అంటే మొత్తం 17 లక్షలు. నూటికి తొంభై మూడు వంతులు దారిలోనే పోయాయన్నమాట. ఫోన్‌లో చూస్తే ఆ తేడా తెలియకపోవచ్చు. అసలు దెబ్బ ఆ తర్వాత జరిగే కుదింపుది. జేపెగ్ పద్ధతి ఫొటోని 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆననివని అనుకున్న సన్నటి వివరాలను ముందుగా తీసిపారేస్తుంది. పెళ్లి ఫొటోకి దీనివల్ల వచ్చే నష్టం తక్కువ. రాత్రి ఆకాశం తీసినవాళ్లని అడగండి. మసక నక్షత్రాలకీ, చీకట్లో కెమెరా సెన్సార్ పుట్టించే చుక్కలకీ (నాయిస్) తేడా ఆ పద్ధతికి తెలియదు, రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. నలుపు నుంచి నీలానికి మెల్లగా మారాల్సిన ఆకాశం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పిట్ట ఈకలూ, పొగమంచూ, ఇసుక తిన్నెల మీది గీతలూ అంతే. ఇలాంటివి తీసేవాళ్లు ‘నీ ఫొటోలో షార్ప్‌నెస్ లేదు’ అనే మాట పడుతుంటారు. షార్ప్‌నెస్ ఉంది, అది ఇంటి దగ్గర ఉండిపోయింది.

2023 ఆగస్టులో వాట్సాప్ హెచ్‌డీ సౌకర్యం తెచ్చాక కొంత మేలు. పంపేటప్పుడు హెచ్‌డీ గుర్తు నొక్కితే పిక్సెళ్లు ఎక్కువ మిగులుతాయి. కుదింపు మాత్రం ఉండనే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు పోవాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి, 2 జీబీ దాకా పోతుంది. అయితే అప్పుడది సంభాషణలో ఒక ఫైలులా పడి ఉంటుంది. నొక్కి, దిగేదాకా ఆగి, తెరిచి చూసే ఓపిక పదిమందిలో ఇద్దరికి ఉంటే గొప్ప. టెలిగ్రామ్‌దీ ఇంచుమించు ఇదే కథ. ఫొటోగా పంపితే మామూలుగా పొడుగు వైపు 1280కి కుదిస్తుంది, ఫైలుగా పంపితే వదిలేస్తుంది. దానికున్న అదనపు లాభం టాపిక్‌లు. 2022 చివర్లో వచ్చిన ఈ ఏర్పాటుతో ఒకే గ్రూపులో ఫొటోలకి ఒక గది, లెన్సుల కబుర్లకి ఒక గది, మిగతా బాతాఖానీకి మరో గది పెట్టుకోవచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గ్రూపు బతుకు దీనిమీదే ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే మాటల గ్రూపులో ఫొటోకి అసలు శత్రువు కుదింపు కాదు, కింద వచ్చి పడే తర్వాతి ముప్పై సందేశాలు. పొద్దున పెట్టిన ఫొటో మధ్యాహ్నానికి ఎవరికీ దొరకదు.

నా తీర్పు: మాట్లాడుకోవడానికి ఇవే మేలు. చూపించుకోవడానికి కాదు.

ఇన్‌స్టాగ్రామ్

2010 అక్టోబరులో మొదలైనప్పుడు చదరం ఫొటోలు తప్ప ఒప్పుకునేది కాదు. 2015 ఆగస్టులో ఆ పట్టు సడలింది. కానీ నిలువు ఫొటో మీద మోజు మాత్రం రాను రాను ముదిరింది, 2025లో ప్రొఫైల్ గడులు కూడా నిలువైపోయాయి. దీని ఫలితం ఒక లెక్కలో చూడండి. వెడల్పు 1080 పిక్సెళ్లు అనుకుంటే, 4:5 నిలువు ఫొటోకి ఎత్తు 1350 దొరుకుతుంది. కెమెరా నుంచి వచ్చిన 3:2 అడ్డ ఫొటోకి దొరికేది 720. అంటే తెరమీద దాదాపు సగం జాగా. కొండల వరసనో నది ఒడ్డునో అడ్డంగా తీసినవాడు మొదటే సగం ఓడిపోయి బరిలోకి దిగుతాడు. ఇది తెలిసినవాళ్లు మెల్లగా అన్నీ నిలువుగా తీయడం మొదలుపెడతారు. చూపించే చోటు తీసే పద్ధతిని మార్చేస్తోందని వాళ్లకి చాలాకాలం తట్టదు. నాకు దీనిమీదున్న పెద్ద కోపం ఇదే.

రెండో సంగతి. 2016 నుంచి అక్కడ ఫొటోలు మామూలుగా పెట్టిన వరసలో కనిపించడం మానేశాయి. మీ స్నేహితుడు నిన్న పెట్టిన మంచి ఫొటో మీకు చేరుతుందా లేదా అన్నది ఒక లెక్కల యంత్రం తేలుస్తుంది. వీడియోల జోరు పెరిగాక మామూలు ఫొటోకి చోటు ఇంకా తగ్గింది. తోటివాళ్లమే ఒకరివొకరం చూసుకుందాం అనుకునే చిన్న బృందానికి ఇది అసలు పనికిరాని ఏర్పాటు. పైగా అప్‌లోడ్ అయ్యాక ఎగ్జిఫ్ వివరాలు, అంటే తీసేటప్పుడు కెమెరా ఫైల్లో రాసిపెట్టే సెట్టింగులు, కనిపించవు. ఏ షటర్ స్పీడు (ఎంతసేపు కాంతి పడనిచ్చారు), ఏ అపెర్చర్ (లెన్సు ఎంత తెరిచారు) అన్నది మీరే కింద రాస్తే తప్ప ఎవరికీ తెలియదు.

మరి దేనికి మంచిది? ముక్కూ మొహం తెలియనివాళ్లకి మీ పని కనిపించడానికి. దూరాన ఉన్న ఎవరో మీలాగే వాన నీటి ప్రతిబింబాలే తీస్తూ ఉంటారు, వాళ్లు తారసపడేది ఇక్కడే. ఒకే విషయం మీద తీసిన వరస ఫొటోలను ఒకే పోస్టులో 20 దాకా పెట్టే వీలు 2024లో వచ్చింది, వరసకట్టి కథ చెప్పేవాళ్లకి అది బాగుంటుంది. లైకుల సంఖ్య కనబడకుండా దాచుకునే వీలుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందు ఆ పని చేసుకుంటే మనశ్శాంతి.

ఫ్లికర్, ఇంకా అలాంటివి

ఫొటోగ్రాఫర్ల కోసం ఫొటోగ్రాఫర్లలాగా ఆలోచించే చోటు అంటే ఇప్పటికీ నేను ఫ్లికర్ పేరే చెబుతాను. 2004లో కెనడాలోని వాంకూవర్‌లో మొదలైంది, మరుసటి ఏడే యాహూ చేతికి పోయింది, 2018లో స్మగ్‌మగ్ అనే ఫొటోల కంపెనీ కొనుక్కుంది. చేతులు మారిన ప్రతిసారీ పని అయిపోయిందన్నారు. అయిపోలేదు.

ఇక్కడ ఫొటో నల్లటి నేపథ్యం మీద తెరనిండా తెరుచుకుంటుంది. మనం దాచకపోతే కెమెరా, లెన్సు, షటర్ స్పీడు, అపెర్చర్, ఐఎస్ఓ అన్నీ కిందే కనిపిస్తాయి. నేర్చుకునేవాడికి ఇది బంగారం. ఒక జలపాతం పట్టుదారంలా జారుతుంటే, అది అర సెకనా నాలుగు సెకన్లా అన్నది అడగకుండానే తెలిసిపోతుంది. హక్కులన్నీ మనవే అని పెట్టుకోవచ్చు, క్రియేటివ్ కామన్స్ కింద ఇతరులు వాడుకునేలా వదిలేయనూవచ్చు. ఏ ఫొటోకి ఏది అన్నది మన ఇష్టం. గ్రూపులు వేలకొద్దీ ఉన్నాయి: పాత లెన్సులకి ఒకటి, నలుపు తెలుపుకి ఒకటి, సాలెగూళ్లకి కూడా ఒకటి దొరుకుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఉచిత ఖాతాలో 1000 ఫొటోల వరకే, అందులో అందరికీ కనబడనివి 50కి మించకూడదు. ఆ వెయ్యి పరిమితి పెట్టిన తర్వాత 2019లో అదనంగా ఉన్న ఫొటోలను ఉచిత ఖాతాల నుంచి తీసేయడం మొదలుపెట్టారు. ఇదొక్క ఫ్లికర్‌కే కాదు, ఏ సైటుకైనా వర్తిస్తుంది: చూపించే చోటు దాచుకునే చోటు కాదు. అసలు ఫైలు మీ డిస్కులో ఉండాలి, దాని నకలు ఇంకో డిస్కులో ఉండాలి.

ఇంకో చికాకు, ఒకటి పెట్టు రెండింటికి వ్యాఖ్య రాయి అనే నియమం ఉన్న గ్రూపులు. ఉద్దేశం మంచిదే. అక్కడ వచ్చేవన్నీ అప్పు తీర్చే మాటలే. ‘అద్భుతమైన కాంతి’ అని రాసి ఉంటుంది, ఫొటో చూస్తే మబ్బు పట్టిన మధ్యాహ్నం. అలాంటి గ్రూపులు దాటుకుని, చర్చలు నిజంగా నడిచే చిన్న గ్రూపు వెతుక్కోవాలి, లేదా మీరే ఒకటి పెట్టుకోవాలి.

500పీఎక్స్ అనే మరో ఫొటోల సైటు దగ్గర ఆగాల్సిన పని నాకు పెద్దగా కనబడలేదు. పల్స్ అనే మార్కు మీదే అందరి కళ్లూ ఉంటాయి, మార్కులొచ్చే ఎర్రటి సూర్యాస్తమయాలే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. గ్లాస్ అనే ఫొటోల యాప్ 2021లో వచ్చింది, చందా కట్టాలి, ప్రకటనలుండవు, లైకుల లెక్క అందరిముందూ వేలాడదు. చందాకి అభ్యంతరం లేనివాళ్లకి హాయిగా ఉంటుంది, కానీ బృందమంతా కట్టాలిగా! ఒక కంపెనీ చేతిలో కాకుండా ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే పిక్సెల్‌ఫెడ్‌లో ప్రకటనలూ లేవు, వరస మార్చే యంత్రమూ లేదు. సాంకేతికంగా కాస్త ఓపికున్నవాళ్లకి నచ్చుతుంది.

షేర్డ్ ఆల్బమ్

ఎవరూ దీన్ని ఫొటోలు పంచుకునే వేదికగా గొప్పగా చెప్పుకోరు. చిన్న బృందానికి నేను మొదట చెప్పేది మాత్రం ఇదే.

గూగుల్ ఫొటోస్‌లో ఒక ఆల్బమ్ తెరిచి నలుగురికీ లింకు ఇస్తే, అందరూ అందులోనే వేస్తారు. ప్రతి ఫొటో కిందా వ్యాఖ్య రాసుకోవచ్చు. ఆ వ్యాఖ్య ఆ ఫొటోకే అంటుకుని ఉంటుంది, ఆరు నెలల తర్వాత వెతికినా అక్కడే దొరుకుతుంది. కంప్యూటర్‌లో తెరిస్తే తెరనిండా కనిపిస్తుంది. లైకుల పోటీ లేదు, అపరిచితులు లేరు. జాగా ఆదా చేసే ‘స్టోరేజ్ సేవర్’ పద్ధతిలో ఉన్నా 16 మెగాపిక్సెళ్ల దాకా నిలుపుతుంది, ఏ మాటల గ్రూపుతోనూ దీనికి పోలిక లేదు. చూసుకోవాల్సింది జాగా: 2021 జూన్ 1 నుంచి పెట్టే ఫొటోలు 15 జీబీ ఉచిత వాటాలోకే లెక్కకొస్తున్నాయి, అందులోనే మెయిలూ డ్రైవూ ఉన్నాయి. ఆపిల్ ఫోన్లవాళ్లందరూ ఒకచోట చేరితే ఐక్లౌడ్ షేర్డ్ ఆల్బమ్ సరిపోతుంది. పొడుగు వైపు 2048కి తగ్గిస్తుంది, వందమంది దాకా చేరవచ్చు, ఐక్లౌడ్ జాగా లెక్కలోకి రాదు. బృందంలో ఆండ్రాయిడ్ వాళ్లుంటే మాత్రం దీని జోలికి పోవద్దు, వాళ్లు చూడటమే తప్ప వేయలేరు.

ఆల్బమ్ చెడేది ఒకే కారణానికి, దాన్ని గోడౌన్ చేయడం వల్ల. ఒకాయన ప్రయాణం నుంచి వచ్చి 140 ఫొటోలు గుమ్మరిస్తాడు, ఆ దెబ్బతో మిగతావాళ్లు ఆల్బమ్ తెరవడమే మానేస్తారు. అందుకే మొదటే ఒక ఒప్పందం ఉండాలి: నెలకి మనిషికి మూడు. ఐదైనా ఫర్వాలేదు, పది వద్దు.

ఈ మూడు ఏరుకోవడమే అసలు పని, దీని గురించి కాస్త చెప్పాలి. తీసిన రోజు రాత్రే ఏరితే తప్పకుండా తప్పు ఫొటో ఏరతాం. చలిలో నిలబడ్డ రెండు గంటలు, పిట్ట ఎగిరిపోతుందేమో అన్న ఆ భయం ఇంకా ఒంట్లో ఉంటాయి, అవన్నీ ఫొటోలో ఉన్నట్టే అనిపిస్తుంది. చూసేవాడికి ఆ చలి తెలియదు, వాడి ముందున్నది దీర్ఘచతురస్రం ఒక్కటే. వారం పోనిచ్చి ఏరండి. ఒకేలాంటివి నాలుగుంటే పక్కపక్కన పెట్టి, పిట్ట తల కాస్త ఇటు తిరిగినదీ, కంట్లో మెరుపు చుక్క పడినదీ ఉంచుకుని మిగతా మూడూ పక్కన పెట్టండి. రెండిట్లో ఏదో తేలకపోతే రెండూ ఆల్బమ్‌లో వేసి ‘ఏది?’ అని అడగడం కూడా మంచిదే, దానికి వచ్చినన్ని జవాబులు ఏ గొప్ప ఫొటోకీ రావు.

కాగితం మీద, ఎదురుగా

ఇంటర్నెట్ లేని రోజుల్లోనూ అభిరుచి ఫొటోగ్రాఫర్లు ఒకరివొకరు చూసుకునేవారు. లండన్‌లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1853లోనే మొదలైంది. బ్రిటన్‌లో పోస్టల్ సర్కిళ్లని ఒక పద్ధతి ఉండేది. సభ్యుల ప్రింట్లున్న పెట్టె పోస్టులో ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లేది. పెట్టె అందినవారు అందరి ప్రింట్లూ చూసి, ఒక్కోదాని గురించి రాసి, తమ పాతది తీసుకుని కొత్తది పెట్టి తర్వాతివారికి పంపేవారు. ఒక చుట్టు తిరగడానికి వారాలు పట్టేది. కానీ చేతికి వచ్చిన ప్రింటుని ఎవరూ సెకనులో పక్కకి నెట్టరు కదా, రాసిన మాటకి బరువు ఉండేది.

ఇప్పుడైనా, కలుసుకునే వీలున్నవాళ్లకి ప్రింట్లని మించింది లేదు. 8×12 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, 2400×3600 చాలు, ఇవాళ్టి ఏ కెమెరా అయినా ఇస్తుంది. బల్లమీద పరిచి, పేర్లు చెప్పకుండా, తీసినవాళ్లు కాసేపు నోరు మెదపకుండా ఉంటే చాలు. నిశ్శబ్దంగా ఎవరి చేయి ఏ ప్రింటు వైపు పోతుందో చూస్తేనే సగం విమర్శ తెలిసిపోతుంది. దూరాలున్నవాళ్లు వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసుకుంటారు. తప్పేం లేదు, కానీ అందులో రంగూ వివరమూ నమ్మకండి. ముందే ఆల్బమ్ లింకు పంపి, ఎవరి తెరమీద వాళ్లు చూస్తూ కాల్‌లో మాట్లాడుకుంటే మేలు.

ఎక్కడ పెట్టినా తప్పనివి

రంగు: ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలు వాడే రంగుల పద్ధతి) ఎంచుకోండి. ఇంకా ఎక్కువ రంగులుండే అడోబీ ఆర్‌జీబీలో పంపితే, ఏ పద్ధతో చెప్పే ప్రొఫైల్‌ని పట్టించుకోని చోట ఎరుపులూ ఆకుపచ్చలూ వెలిసిపోయి కనిపిస్తాయి, అప్పుడు తప్పు మీ ఎడిటింగ్ మీదకి వస్తుంది. సైజు: మాటల గ్రూపులకి పొడుగు వైపు 1600కి, టెలిగ్రామ్‌కైతే 1280కి మీరే తగ్గించి, తగ్గించాక కొంచెం షార్పెన్ చేసి పంపితే, యంత్రం కుదించిన దానికన్నా మెరుగ్గా ఉంటుంది.

చోటు: ఫోన్‌తో తీసిన ఫొటోలో జీపీఎస్ అంకెలు దాగి ఉండవచ్చు. మాటల గ్రూపులో ఫొటోగా పంపితే అవి సాధారణంగా రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం భద్రంగా వెళతాయి. ఫ్లికర్‌లోనూ ఆల్బమ్‌లోనూ లొకేషన్ కనబడకుండా చేసే వీలుంది, వాడండి. గూడు కట్టుకున్న పిట్ట ఫొటోకి ఇది మరీ ముఖ్యం: లెన్సులు పట్టుకుని పదిమంది చుట్టూ చేరితే తల్లి పిట్ట గూడు వదిలేసి పోవచ్చు. పిల్లల ఫొటోలైతే పెద్దవాళ్లని అడిగాకే.

ఎవరికి ఏది

నలుగురి నుంచి పదిమంది దాకా ఒకరికొకరు తెలిసినవాళ్లయితే షేర్డ్ ఆల్బమ్, పక్కన మాటలకి ఒక గ్రూపు. ఫొటోని గ్రూపులో వేయకుండా ‘మూడు పెట్టాను, చూడండి’ అని ఆల్బమ్ లింకు మాత్రమే వేయాలి. ఈ ఒక్క అలవాటు పడితే మిగతాది దానంతటదే కుదురుతుంది. ముప్పై నలభైమంది అయ్యారంటే ఆల్బమ్ ఊపిరాడదు, ఫ్లికర్ గ్రూపుకి మారండి, రోజుకి ఒకటి అని పరిమితి పెట్టండి. సాంకేతిక వివరాలు చూసి నేర్చుకోవాలన్నది ముఖ్యమైతే, ఇద్దరే ఉన్నా ఫ్లికరే. కొత్త కళ్లు కావాలంటే ఇన్‌స్టాగ్రామ్, అది కూడా ఆల్బమ్‌లో నలుగురూ బాగుందన్నవి వేసుకుంటే సరిపోతుంది. ఒకే ఊళ్లో ఉంటే ఏడాదికి రెండుసార్లయినా ప్రింట్లు తెచ్చుకోండి.

ఏ చోటు ఎంచుకున్నా ఫొటో కింద ‘ఎలా ఉంది?’ అని రాయకండి, దానికి ‘బాగుంది’ తప్ప జవాబు లేదు. ‘కుడివైపు మనిషిని ఉంచనా తీసేయనా?’, ‘నీడలు మరీ నల్లగా వదిలేశానా?’ అని ఒకే ప్రశ్న అడగండి, మొహమాటస్తులు కూడా నోరు విప్పుతారు. మూడు నెలలు గడిచినా వ్యాఖ్యలు పలచగానే ఉంటే చోటు మార్చే ముందు నెలకి మూడు ఫొటోల బదులు ఒక్కటే పెట్టి చూడండి.